చెవికి చెప్పే దయ్యం కథ: సొంతంగా తెలుగు హారర్ పాడ్‌కాస్ట్ తయారు చేసే పద్ధతి

తెలుగులో దయ్యం కథలకు ఏనాడూ కొదవ లేదు. కరెంటు పోయిన రాత్రుల్లో అరుగుల మీద చెప్పుకున్నవి, వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చినవి, ఇప్పుడు యూట్యూబులో ‘నిజంగా జరిగింది’ అన్న తోకతో ఎవరో చదివి వినిపిస్తున్నవి లెక్కకు మించి ఉన్నాయి. ఇన్ని ఉన్నా, వినడం కోసమే రాసి, పాత్రలకు తగిన గొంతులు వెతికి, శబ్దాన్ని కథలో భాగం చేసి, ఆరేడు ఎపిసోడ్లలో ఒక కథను మొదలుపెట్టి ముగించే ధారావాహికలు మాత్రం తక్కువే. ఆ పనికి స్టూడియో గానీ, నిర్మాత గానీ ఉండి తీరాలని లేదు. శ్రద్ధగల ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక ల్యాప్‌టాప్, ఒక మంచి మైకు, రాత్రిపూట సద్దుమణిగే ఒక గది ఉంటే ఒక సీజన్ పూర్తి చేయవచ్చు. అది ఎలా చేయాలో, ఎక్కడ ఎక్కువ సమయం పెట్టాలో, ఎక్కడ తొందరగా దాటిపోవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఈ మాటలు ఎవరు రికార్డు చేస్తున్నారు, ఎందుకు?

కథ రాయడం మొదలుపెట్టకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. సినిమా చూసేవాళ్లు కెమెరా అక్కడికి ఎలా వచ్చిందని అడగరు. చెవిలో ఒక మనిషి ఒంటరిగా మాట్లాడుతున్నప్పుడు మాత్రం, ఇతను ఇదంతా ఎవరికి చెబుతున్నాడు, ఈ రికార్డింగు నా దాకా ఎలా వచ్చింది అన్న సందేహం శ్రోతకు లోలోపల మెదులుతూనే ఉంటుంది. దానికి కథలోనే జవాబు దొరికితే నమ్మకం కుదురుతుంది. ఆ జవాబులోనే భయం దాగి ఉంటే కథకు వెన్నెముక దొరికినట్టే.

ఈ మాధ్యమంలో నిలబడిపోయిన పనులన్నీ ఈ ప్రశ్నను ముందే పరిష్కరించుకున్నాయి. అమెరికాలో 1938 అక్టోబరు 30న సీబీఎస్ రేడియోలో వచ్చిన అంగారకవాసుల దాడి నాటకం, సంగీత కార్యక్రమాన్ని ఆపి చదివే అత్యవసర వార్తల రూపంలో నడిచింది. 2012 జూన్‌లో మొదలైన ‘వెల్‌కమ్ టు నైట్ వేల్’ ఒక ఎడారి పట్టణపు చిన్న రేడియో స్టేషను ప్రసారంగా వినిపిస్తుంది. వింతలన్నిటినీ అనౌన్సరు మామూలు స్థానిక వార్తల్లాగే చదువుతాడు. బ్రిటన్‌లో 2016 మార్చిలో మొదలై 2021 మార్చిలో 200వ ఎపిసోడ్‌తో ముగిసిన ‘ది మాగ్నస్ ఆర్కైవ్స్’ ఇంకా పొదుపుగా మొదలైంది. ఒక సంస్థలోని పాత వాంగ్మూలాలను ఆర్కైవు అధికారి టేపు రికార్డరులో చదివి భద్రపరుస్తుంటాడు. డిజిటల్ పరికరాల్లో సరిగా నమోదు కాని వాంగ్మూలాలే టేపుకు ఎక్కుతాయి. అంటే టేపు రికార్డరు వాడటానికి చెప్పిన కారణమే కథలోని మొదటి అపశకునం అయింది. తొలి ఎపిసోడ్లలో చాలావరకు వినిపించేది ఒక గొంతు, కాగితాల చప్పుడు, టేపు గుయ్యిమనే శబ్దం. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లు ఈ నిర్మాణాన్ని శ్రద్ధగా గమనించాలి.

మన చోటు నుంచి ఒక ఉదాహరణ తయారు చేసుకుందాం. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. మే నెలలో మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక హమాలీలు రారు, లారీలు నిలబడవు, ఛాంబర్లలో మాత్రం కప్పు దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేర్చి ఉంటాయి. రాత్రి వాచ్‌మన్ గంటకోసారి అంతా సవ్యంగా ఉందని మేనేజరుకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాలి. అదే అతని డ్యూటీ. ఇక కథంతా ఆ మెసేజీలే. ఒక నటుడు చాలు. సమయం, తేదీ అతని నోటనే వస్తాయి. మేనేజరు జవాబు మనకు వినిపించనక్కర లేదు. మూడో ఎపిసోడ్ చివర, మేనేజరు పది రోజులుగా ఊళ్లో లేడనీ, ఆఫీసు ఫోను సొరుగులో పెట్టి తాళం వేసి వెళ్లాడనీ తెలుస్తుంది. అయినా ప్రతి మెసేజీ పక్కనున్న మైకు బొమ్మ, ఎవరో విన్నట్టు గుర్తుగా, నీలంగా మారుతూనే ఉంది. ఇక్కడ వాట్సాప్ ఒక అలంకారంగా మిగిలిపోలేదు. అది తీసేస్తే కథే ఉండదు. మీరు ఎంచుకున్న పద్ధతికీ ఈ పరీక్ష పెట్టండి. అంబులెన్సు కాల్ రికార్డింగు కావచ్చు, ఊరి చరిత్ర సేకరిస్తున్న విద్యార్థి ఇంటర్వ్యూలు కావచ్చు, చనిపోయిన తాతగారి పాత క్యాసెట్లు కావచ్చు. రికార్డింగు లేకుండా అదే కథను మామూలుగా చెప్పగలిగితే, ఆ పద్ధతి ఇంకా కుదరలేదని అర్థం.

స్క్రిప్టు: కంటితో చూసేవాటిని తగ్గించడం

అచ్చు కథల అలవాటుతో రాసేవాళ్లు మొదటి స్క్రిప్టులో చూపుకు సంబంధించిన వర్ణన ఎక్కువగా నింపుతారు. ‘చీకట్లో తెల్లచీర కట్టుకున్న ఆకారం ఒకటి మెల్లగా కదిలింది’ అన్న వాక్యం కాగితం మీద చెల్లవచ్చు. భయపడుతూ ఫోన్లో మాట్లాడే వాచ్‌మన్ అలా మాట్లాడడు. అదీగాక శ్రోత ఆ తెల్లచీరను ఇదివరకే వంద సినిమాల్లో చూశాడు. అదే ఘట్టాన్ని ఇలా రాసి చూడండి:

‘సార్, నేను సార్, కోటయ్యని. పన్నెండయింది. రెండో ఛాంబరు తాళం చూసొచ్చాను, వేసే ఉంది. ఏం లేదు సార్... తాళం చల్లగా లేదండి. ఎప్పుడూ చెయ్యి పెడితే జివ్వుమంటది గదా. ఇయ్యాల వెచ్చగా ఉంది. ఎవరో శానాసేపు పట్టుకుని నిలబడ్డట్టు. అంతే సార్. ఒంటిగంటకు మళ్లీ పెడతాను.’

ఇందులో కనిపించింది ఒక్క తాళమే. భయం స్పర్శ ద్వారా వచ్చింది. అసలు విషయం చెప్పాక దాన్ని తేలిక చేసేయడానికి అతను పడే తొందర శ్రోతను మరింత కలవరపెడుతుంది. వేడి, చల్లదనం, వాసన, బరువు, దూరం వంటివి చెవికి బాగా లొంగుతాయి. అమ్మోనియా వాసన, మిర్చి ఘాటు, చెప్పుల కింద గరగరలాడే ఎండు తొడిమలు ఈ కథకు సహజంగా అమరిన సరుకు. మీ కథ జరిగే చోటికి వెళ్లి, కళ్లు మూసుకుని కూర్చుని, అలాంటివి రాసుకుని రావడం కంటే మంచి పరిశోధన లేదు.

ఎవరు మాట్లాడుతున్నారో తెలియజేయడం శ్రవ్య రచనలో ఎప్పుడూ ఉండే చిక్కు. తెలుగులో దానికి చక్కని ఉపాయం సిద్ధంగా ఉంది. మనం పేర్లతో కంటే వరసలతో పిలుచుకుంటాం కనుక ‘బాబాయ్’, ‘వదినా’, ‘ఏరా అల్లుడూ’ అన్న ఒక్క పిలుపుతో వయసు, బంధుత్వం, చనువు మూడూ తెలిసిపోతాయి. ప్రతి సన్నివేశంలోనూ మొదటి రెండు మాటల్లో ఇలాంటి పిలుపు పడేలా చూసుకుంటే కథకుడు మధ్యలో దూరి వివరించే అవసరం రాదు. మాండలికం విషయంలో మాత్రం పట్టుదలగా ఉండాలి. పల్నాటి మనిషి మాటకు, శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన మనిషి మాటకు, పాలమూరు మనిషి మాటకు యాసలోనే కాదు, వాక్యం ముగించే తీరులోనూ తేడా ఉంటుంది. సినిమాల్లో విన్న యాసను అనుకరించి రాయకుండా, ఆ ప్రాంతపు మనిషి చేత స్క్రిప్టు పైకి చదివించి, అతని నోరు ఎక్కడ తడబడిందో అక్కడ దిద్దుకోవాలి.

పొడవు సంగతి తేలికే. హారర్ కథను నెమ్మదిగా, విరామాలతో చదవాలి గనుక నిమిషానికి నూరు మాటలకు కాస్త అటూ ఇటూగా లెక్క వేసుకోవచ్చు. ఇరవై నిమిషాల ఎపిసోడ్‌కు సుమారు 2000 మాటలు సరిపోతాయి. మొదటి సీజన్‌కు ఆరు ఎపిసోడ్లు చాలు.

వివరణ గురించి నాకు బలమైన అభిప్రాయమే ఉంది. మన హారర్ కథల్లో చివరికి ఒక ఫ్లాష్‌బ్యాక్ వచ్చి, అన్యాయానికి గురై చనిపోయిన స్త్రీ కథ చెప్పి, ఆమె పగ తీరగానే అంతా చక్కబడిపోవడం ఆనవాయితీగా మారింది. అప్పటిదాకా కూడగట్టిన భయమంతా ఆ ఒక్క వివరణతో కరిగిపోతుంది. ఆ గోదాములో ఏముందో మీకు పూర్తిగా తెలిసి ఉండాలి. దానికి నియమాలు ఉండాలి, ఒక ఎపిసోడ్‌లో చెప్పింది మరో ఎపిసోడ్‌లో తప్పకూడదు. కానీ శ్రోతకు ఆ నియమాల్లో రెండో మూడో మాత్రమే, అవీ వాచ్‌మన్ అనుభవం ద్వారా, తెలిస్తే చాలు. మిగిలినదాన్ని శ్రోతే తన ఇంటి చీకటితో పూరించుకుంటాడు.

నటీనటులు

మంచి గొంతులు మీకు అందుబాటులోనే ఉంటాయి. రెండు రాష్ట్రాల్లోనూ పరిషత్తు నాటకాలు ఆడే నటులు ఉన్నారు. ఉచ్చారణ, జ్ఞాపకశక్తి, పాత్రలోకి వెళ్లే నేర్పు వాళ్లకు ఏళ్ల సాధనతో అబ్బినవి. వాళ్లతో పని చేసేటప్పుడు ఒక్క విషయంలో ఓపిక పట్టాలి: ఆఖరి వరుస దాకా వినిపించేలా గొంతు విప్పడం వాళ్లకు అలవాటు, మైకు ముందు ఆ గొంతు చాలా పెద్దదవుతుంది. ఒక స్నేహితుణ్ణి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చోబెట్టి, అతనికి మాత్రమే వినపడేలా చెప్పమంటే పది నిమిషాల్లో స్వరం దిగుతుంది. ఆకాశవాణిలో నాటకాలు చేసిన పెద్దలెవరైనా మీ ఊళ్లో ఉంటే ఒక సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చోండి. మైకుకు దగ్గరగా రావడం, పక్కకు తిరగడం ద్వారా దూరాన్ని ఎలా నటించాలో వాళ్లు చేసి చూపిస్తారు.

ఎంత చిన్న మొత్తమైనా పారితోషికం ఇవ్వండి, ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. ఆ గొంతును ఎక్కడెక్కడ వాడతారు, తరువాత ఆదాయం వస్తే వాటా ఎంత అన్నవి అందులో ఉండాలి. కృత్రిమ మేధతో ఆ గొంతుకు నకలు తయారు చేయబోమన్న హామీ కూడా ఈ రోజుల్లో తప్పనిసరి. దూరదేశంలో ఉన్న నటులతో పనిచేస్తే, వీడియో కాల్‌లో రిహార్సల్ చేసుకుంటూ, రికార్డింగు మాత్రం ఎవరి దగ్గర వాళ్లు చేసి అసలు ఫైలు పంపాలి. కాల్ ద్వారా వచ్చిన ధ్వనిని వాడకూడదు.

గది, మైకు, రికార్డింగు

డబ్బు తక్కువగా ఉంటే ముందు గదిని బాగు చేసుకోండి, మైకు సంగతి తరువాత చూడవచ్చు. మన ఇళ్లలో నాపరాళ్లు, టైల్సు, సున్నం గోడలు ఉండటం వల్ల గొంతు గోడలకు తగిలి మళ్లీ వినిపిస్తుంది. ఆ ప్రతిధ్వని ఒకసారి రికార్డయితే తరువాత తీసేయడం కష్టం. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చోవడం, వెనక ఒక పరుపు నిలబెట్టడం, తలమీదుగా బొంత కప్పిన తీగ కట్టడం వంటివి చూడటానికి మోటుగా ఉన్నా బాగా పనిచేస్తాయి. ఫ్యాను, ఫ్రిజ్, ఇన్వర్టరు ఆపేయాలి. రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టి, తెల్లవారుజామున మైకుల్లో సుప్రభాతం, నమాజు పిలుపు వినిపించేలోగా ముగించేలా ప్రణాళిక వేసుకోవాలి.

సాధారణ గదుల్లో కండెన్సర్ మైకు కంటే డైనమిక్ మైకు మేలు, ఎందుకంటే అది దగ్గరి గొంతును పట్టుకుని దూరపు చప్పుళ్లను చాలావరకు వదిలేస్తుంది. మామూలు మాటకు నోటికీ మైకుకూ మధ్య జానెడు దూరం, గుసగుసకు బెత్తెడు దూరం ఉంచాలి. దగ్గరికి వచ్చేకొద్దీ గొంతులో బరువు పెరిగి, మనిషి చెవి పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. హారర్‌కు అది గొప్ప సాధనమే గానీ ఎపిసోడ్‌లో ఒకటి రెండు చోట్లకు దాచుకోవాలి. ప, ఫ, బ, భ వంటి అక్షరాల దగ్గర గాలి నేరుగా తగిలి మైకు దబ్బుమంటుంది. మైకును నోటికి ఎదురుగా పెట్టకుండా పెదవుల మూల వైపు ఏటవాలుగా పెడితే ఆ బెడద తగ్గుతుంది. శ, ష, సల ఈల కూడా అణుగుతుంది.

ఫైలును 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ రూపంలో దాచుకోవాలి. రికార్డింగు మీటరులో మామూలు మాట మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆడుతూ, కేక కూడా మైనస్ 6 దాటకుండా చూసుకుంటే శబ్దంలో పగుళ్లు రావు. నటుడు వెళ్లిపోయే ముందు అదే గదిలో, అదే అమరికలో, ఎవరూ కదలకుండా ఒక నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేయడం మరవకండి. ఏ గది నిశ్శబ్దమూ పూర్తి శూన్యం కాదు. ఎడిటింగులో రెండు మాటల మధ్య ఖాళీని ఆ గది నిశ్శబ్దంతో పూరించకపోతే శబ్దం తెగిపోయినట్టు వినిపించి శ్రోత కథలోంచి బయట పడతాడు.

వాచ్‌మన్ మెసేజీల వంటి కథకు నేరుగా ఫోన్లోనే రికార్డు చేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. అయినా మంచి మైకుతో శుభ్రంగా తీసి, తరువాత ఫోను ధ్వనిగా మార్చడమే మేలు. సాధారణ ఫోన్ కాల్ ధ్వని సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యకు కుదించి ఉంటుంది. వాయిస్ మెసేజీ అంతకంటే స్పష్టంగా ఉంటుంది కనుక కత్తిరింపు తక్కువ చేయాలి. శుభ్రమైన అసలు చేతిలో ఉంటే, ఏదో ఒక ఘట్టంలో ఆ ఫోను తెర తొలగించి, వాచ్‌మన్ గొంతును ఉన్నట్టుండి శ్రోత పక్కకు తీసుకురావచ్చు.

శబ్దాలు కూర్చడం

ఎడిటింగుకు ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. ఎక్కువ ట్రాకులతో, అంటే విడివిడి శబ్దాల పొరలతో, పని చేయాలంటే రీపర్ అనువుగా ఉంటుంది, దాన్ని 60 రోజులు ప్రయత్నించి చూసి తరువాత లైసెన్సు కొనుక్కోవచ్చు. ఏది వాడినా ముందు మాటలను మాత్రమే కూర్చి, ఏ శబ్దమూ కలపకుండా మొత్తం వినండి. అలా విన్నప్పుడు కథ భయపెట్టకపోతే శబ్దాలు దాన్ని కాపాడలేవు, స్క్రిప్టు దగ్గరికి వెనక్కి వెళ్లవలసిందే.

తరువాత చోటుకు సంబంధించిన శబ్దం వేయాలి. మన ఉదాహరణలో అది కంప్రెసర్ హోరు. మొదటి ఎపిసోడ్ మొదటి క్షణం నుంచి అది వినిపిస్తూనే ఉండాలి. ఐదు నిమిషాలు గడిచేసరికి శ్రోత దాన్ని పట్టించుకోవడం మానేస్తాడు. ఏ పద్నాలుగో నిమిషంలోనో, వాచ్‌మన్ మామూలుగా ఏదో చెబుతుండగా, ఆ హోరు ఆగిపోతుంది. అతను ఒక్క క్షణం ఆగి, మళ్లీ కొనసాగిస్తాడు. నాలుగైదు క్షణాల తరువాత, ఆ నిశ్శబ్దంలో, దూరంగా ఒక టిక్కీని గచ్చు మీద ఈడ్చిన చప్పుడు వినిపిస్తుంది. వయొలిన్ల కీచులు, ఉరుములు, స్త్రీ నవ్వు కలిపి చేయలేని పనిని ఈ ఒక్క ఆపడం చేస్తుంది. అందుకే హారర్‌లో ధ్వని కూర్పు అంటే చాలావరకు ఏ శబ్దాన్ని ఎప్పుడు తీసేయాలో నిర్ణయించడమే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ హోరును తయారు చేసేటప్పుడు ఒక సాంకేతిక విషయం గుర్తుంచుకోవాలి. చాలామంది ఇయర్‌ఫోన్లు లేకుండా ఫోను స్పీకరు మీదే వింటారు. ఆ చిన్న స్పీకర్లు లోతైన మంద్ర శబ్దాలను దాదాపు పలికించలేవు. మీ హోరంతా 100 హెర్ట్జ్‌కు దిగువనే ఉంటే వాళ్లకు అది ఉన్నట్టే తెలియదు, ఆగినట్టూ తెలియదు. పైస్థాయిలో కాస్త గరగర, లోహపు మోత కలపాలి. ప్రతి ఎపిసోడ్‌నూ హెడ్‌ఫోన్లలో, ఫోను స్పీకరులో, వీలైతే కారులో విని చూడాలి.

శబ్దాలను వీలైనంతవరకు మీరే రికార్డు చేసుకోండి. బియ్యం బస్తా గచ్చు మీద ఈడిస్తే టిక్కీ చప్పుడు వస్తుంది. పచ్చి మునక్కాడను తడిగుడ్డలో చుట్టి విరిస్తే ఎముక విరిగినట్టు వినిపిస్తుంది. పాత ఇంటి గొళ్లెం, బావి గిలక, ఉయ్యాల బల్ల గొలుసు, చేతిపంపు కీచుమనడం, పెంకుల మీద పిల్లి నడక వంటివి మన శ్రోతల జ్ఞాపకాల్లో ముందే ఉన్నాయి. ఇంటర్నెట్‌లో దొరికే శబ్ద భాండాగారాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాలవి. అక్కడి తోడేలు ఊళ, చెక్క మెట్ల కిర్రు, చర్చి గంటలు గుంటూరు కథలో అతకవు. రుతువునూ పట్టించుకోవాలి. నడి వేసవి కథలో కప్పల బెకబెకలు వినిపిస్తే అక్కడి మనిషి కథను అక్కడే నమ్మడం మానేస్తాడు. తెల్లవారుజామున కోయిల కూస్తే మే నెల దానంతటదే వచ్చేస్తుంది.

సంగీతం తక్కువగా వాడండి. ఉత్తరాంధ్ర జముకుల కథలో వినిపించే జముకు నాదం వంటివి ఒళ్లు గగుర్పొడిపించగలవు. అయితే వాటిని ఏదో వీడియో నుంచి కత్తిరించి తెచ్చుకోకుండా, ఆ కళాకారుల చేతనే వాయింపజేసి, డబ్బు చెల్లించి, పేరు ప్రకటించాలి.

చివరి మిక్సు ధ్వని స్థాయి మైనస్ 16 లఫ్స్ (చెవికి వినిపించే బిగ్గరతనానికి కొలత) దగ్గర, శిఖర స్థాయి మైనస్ 1 డెసిబెల్ లోపల ఉండాలని ఆపిల్ సూచిస్తుంది. స్పాటిఫై మైనస్ 14 స్థాయికి సర్దుతుంది. మైనస్ 16 ఎక్కడైనా చెల్లుతుంది. ఉన్నట్టుండి చెవులు పగిలేలా అరుపు పెట్టి ఉలికిపాటు తెప్పించడం మానండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నమ్మకంగా వింటున్న మనిషి చెవులకు హాని చేసే హక్కు మనకు లేదు.

హక్కులు, బాధ్యత

పాత రచయితల దయ్యం కథలను నాటకీకరించాలనుకుంటే, మన దేశ చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాతి క్యాలెండరు సంవత్సరం నుంచి 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఆ గడువు తీరకపోతే వారసుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. క్రియేటివ్ కామన్స్ శబ్దాల్లో, అంటే తయారు చేసినవాళ్లే ముందుగా వాడుక అనుమతి ప్రకటించి పెట్టినవాటిలో, కొన్నిటిని స్వేచ్ఛగా వాడవచ్చు, కొన్నిటికి పేరు ప్రకటించాలి, కొన్నిటిని డబ్బు సంపాదించే పనులకు వాడకూడదు. ఏ శబ్దం ఎక్కడిదో, ఏ లైసెన్సుదో మొదటి రోజు నుంచే ఒక పట్టికలో రాసుకోండి. సినిమా నేపథ్య సంగీతం జోలికి అసలు వెళ్లకండి.

ఇంతకంటే బరువైన బాధ్యత ఒకటి ఉంది. చేతబడి, బాణామతి, చిల్లంగి మన దగ్గర కేవలం కథల్లోని మాటలు కావు. వాటి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన సంఘటనలు ఈ గడ్డ మీద జరిగాయి. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులు వ్యాపించి, రెండు రాష్ట్రాల్లోనూ అమాయకుల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. మీ కథలోని వాయిస్ మెసేజీని ఎవరో ముప్పై సెకన్లు కత్తిరించి ‘ఫలానా ఊళ్లో నిన్న రాత్రి’ అని పంపితే అది నిజమై ఊరేగగలదు. అందువల్ల ఊరి పేరు, గోదాము పేరు కల్పితంగా ఉండాలి. ప్రతి ఎపిసోడ్ మొదట్లోనూ చివరా ఇది కల్పిత కథ అని స్పష్టంగా చెప్పాలి. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలావిడనో, ఏదో ఒక కులానికో సంచార జాతికో చెందిన మనిషినో మంత్రగత్తెగా, మాంత్రికుడిగా చూపకూడదు. భయానికి ఇంకా వెయ్యి దారులు ఉండగా ఆ దారిని ఎంచుకోవలసిన అగత్యం ఏ రచయితకూ లేదు.

ఆత్మహత్య, పిల్లలకు హాని, లైంగిక హింస వంటివి కథలో ఉంటే ఎపిసోడ్ వివరణలో ముందుగా తెలియజేయాలి.

విడుదల

సీజన్ మొత్తం రికార్డు చేసి, కనీసం నాలుగు ఎపిసోడ్లు పూర్తిగా సిద్ధమయ్యాక గానీ మొదటిది విడుదల చేయవద్దు. దానికి ముందు ఐదారుగురి చేత, రాత్రిపూట, ఒంటరిగా, ఇయర్‌ఫోన్లతో వినిపించండి. ‘బాగుందా’ అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఎక్కడ ఫోను చూడాలనిపించింది, ఎక్కడ ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు, ఎక్కడ వెనక్కి తిరిగి చూశారు అని నిమిషాలతో సహా రాయమనండి.

ఎపిసోడ్లను ఏదో ఒక హోస్టింగు సేవలో, అంటే ఆడియో ఫైళ్లను ఇంటర్నెట్‌లో ఉంచే సేవలో, పెడితే అది ఒక ఆరెసెస్ ఫీడ్ (కొత్త ఎపిసోడ్ల సమాచారాన్ని యాప్‌లకు అందించే లింకు) ఇస్తుంది. దాన్ని ఆపిల్, స్పాటిఫై, యూట్యూబులకు ఒక్కసారి అందిస్తే తరువాతివి వాటంతటవే చేరతాయి. స్పాటిఫై వారి హోస్టింగు ఉచితమే. నమోదు చేసేటప్పుడు భాష దగ్గర తెలుగును ఎంచుకోండి. ఆపిల్ విభాగాల్లో హారర్‌కు వేరే అర లేదు కాబట్టి ఫిక్షన్ కింద డ్రామాను ఎంచుకోవాలి. షో రకం అడిగిన చోట ఎపిసోడిక్ అని వదిలేయకుండా సీరియల్ అని పెట్టడం చాలా ముఖ్యం. లేకపోతే కొత్త శ్రోతకు ముందుగా చివరి ఎపిసోడ్ కనిపిస్తుంది, కథ అక్కడే చెడుతుంది. ముఖచిత్రం చతురస్రంగా, 1400 నుంచి 3000 పిక్సెళ్ల మధ్య ఉండాలి. పేరు తెలుగు లిపిలో, బొటనవేలి గోరంత సైజులోనూ చదవగలిగేలా వేయించండి. ప్రతి ఎపిసోడ్‌కూ పూర్తి పాఠం జతచేస్తే వినికిడి లోపం ఉన్నవాళ్లకూ కథ అందుతుంది.

వారానికొకటి, ఒకే రోజున, ఒకే వేళకు విడుదల చేయండి. గురువారం రాత్రి తొమ్మిది అనుకుంటే ఆరు వారాలూ అదే వేళ. మొదటి సీజన్‌తో డబ్బు వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. పేట్రియాన్ వంటి సభ్యత్వాలు, యూపీఐ ద్వారా చిన్న చందాలు శ్రోతలు కుదురుకున్నాక అడగవచ్చు. వచ్చిన మొదటి రూపాయలు నటులకు వెళ్లాలి. ఈలోగా ఏదైనా ఆడియో సంస్థ మీ కథను కొంటామని వస్తే, వాళ్లు అడుగుతున్నది ప్రసార హక్కా, లేక పాత్రలు, తరువాతి సీజన్లు, సినిమా హక్కులతో సహా మొత్తమా అన్నది సంతకానికి ముందు న్యాయవాది చేత చదివించుకోండి. ప్రసార హక్కును గడువు పెట్టి ఇవ్వవచ్చు. పాత్రలను, కథాలోకాన్ని మాత్రం చేజార్చుకోకండి. విడివిడి ట్రాకులు, శుభ్రమైన రికార్డింగులు, స్క్రిప్టులు, ఒప్పందాలు రెండు వేర్వేరు చోట్ల భద్రపరచి, రెండో సీజన్ రాయడం మొదలుపెట్టే ముందు నటులతో పాత ఒప్పందాలను కొత్త తేదీతో మళ్లీ రాసుకోండి.